కత్తి ముందు భయం... ఈమాన్ లోపమా?

శ్రీకాకుళం జిల్లాలో ముస్లింల సంఖ్య స్వల్పం. ఎచ్చెర్ల చుట్టుపక్కల ఎవరికైనా జబ్బు చేస్తే ఆ వార్త మనవాళ్ళందరికీ చేరడానికి ఒక్క నమాజు వేళ చాలు. కొన్నేళ్ళ క్రితం మాకు బాగా తెలిసిన ఒక పెద్దాయనకు గుండె రక్తనాళాల్లో అడ్డంకులు ఉన్నాయనీ, బైపాస్ ఆపరేషన్ తప్పదనీ డాక్టర్లు చెప్పారు. ఇంటివాళ్ళు విశాఖపట్నం తీసుకెళ్ళారు. ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం మేము నలుగురం బస్సెక్కి పరామర్శకు వెళ్ళాం. రోగిని పరామర్శించడం ఒక ముస్లింపై సాటి ముస్లింకు ఉన్న హక్కు. ఆ హక్కు నెరవేర్చాలనే సంకల్పంతోనే బయలుదేరాం.

మంచం మీద కూర్చుని ఉన్నారాయన. సలాం చేసి చెయ్యి కలిపితే ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక, గొంతు తగ్గించి "భయంగుంది" అన్నారు. ఆ ఒక్క మాట పూర్తిగా బయటికి రాకముందే మేము అందుకున్నాం. "అల్లాహ్ ఉండగా భయమేమిటి చాచా? విశ్వాసి భయపడతాడా?" అన్నాం. అంతటితో ఆగలేదు. హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ) వృత్తాంతం ఎత్తుకున్నాం. కాలు కుళ్ళిపోతే రంపంతో కోయించుకుంటూ కూడా ఆయన నోట దైవనామస్మరణ తప్ప మరొకటి రాలేదని ఆవేశంగా చెప్పాం. పెద్దాయన మౌనంగా విన్నారు. "అల్‌హమ్దులిల్లాహ్" అన్నారు. బాగా ధైర్యం చెప్పామని మాకు తృప్తి కలిగింది. సెలవు తీసుకుని లేస్తుంటే ఆయన మా చెయ్యి వదల్లేదు. "అయితే నాకు ఈమాన్ లేనట్టేనేటి?" అని అడిగారు.

"అయ్యో, అలా అనకండి" అనేసి మెట్లు దిగి వచ్చేశాం. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి ఆయనకు ఇవ్వవలసిన జవాబు ఇవ్వలేకపోయాం. అలాంటి మంచాల మీద మన ఇళ్ళ తల్లులు, తండ్రులు, చెల్లెళ్ళు రోజూ పడుకుంటున్నారు గనుక ఆ ప్రశ్నను ఇప్పుడైనా నిజాయితీగా పరిశీలించడం మన బాధ్యత. శస్త్రచికిత్సకు ముందు కలిగే భయం, తరువాత కమ్ముకునే దిగులు విశ్వాసంలోని లోపానికి గుర్తులా?

ప్రవక్తల భయం

దివ్య ఖుర్‌ఆన్ తెరిచి చూద్దాం. మాంత్రికులు విసిరిన తాళ్ళు, కర్రలు పాముల్లా కదులుతున్నట్లు కనిపించినప్పుడు హజ్రత్ మూసా (అలై) మనసులో భయం కలిగిందని తాహా సూరా తెలుపుతోంది. ఆయన సామాన్యుడు కాదు, అల్లాహ్‌తో సంభాషించిన ప్రవక్త. అంతకుముందు ఫిరౌన్ దగ్గరికి వెళ్ళమన్న ఆజ్ఞ అందినప్పుడు కూడా, వాడు తమపై దౌర్జన్యం చేస్తాడేమోనని భయంగా ఉందని ఆయన, ఆయన సోదరుడు హారూన్ (అలై) తమ ప్రభువుకే విన్నవించుకున్నారు. అందుకు అల్లాహ్ వారి విశ్వాసాన్ని శంకించలేదు. నేను మీ తోడుగా ఉన్నాను, వింటున్నాను, చూస్తున్నాను అని ఓదార్చాడు. మేము ఆ వార్డులో చేసిన పనికీ, అల్లాహ్ తన దాసులతో వ్యవహరించిన తీరుకూ ఎంత దూరముందో ఆలోచించండి. ఆయన మొదట విన్నాడు. మేము వినకముందే ఉపన్యాసం మొదలుపెట్టాం.

హజ్రత్ మర్యమ్ (అలై) ప్రసవ వేదనలో ఖర్జూరపు చెట్టు మొదలును ఆనుకుని, ఇంతకుముందే చనిపోయి ఉంటే బాగుండేదని అన్నారు. ఆ మాటకు మందలింపు రాలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు వచ్చింది, తాగడానికి నీరు, తినడానికి పండు వచ్చాయి. బిడ్డను నదిలో వదిలిన మూసా (అలై) తల్లి హృదయం శూన్యమైపోయిందనీ, అల్లాహ్ ఆమె గుండెకు దృఢత్వం ఇవ్వకపోతే గుట్టు బయటపెట్టేసేదనీ ఖసస్ సూరాలో ఉంది. హజ్రత్ యాఖూబ్ (అలై) కొడుకు కోసం కుమిలి కుమిలి కంటిచూపు పోగొట్టుకున్నారు. సహనానికి ఆదర్శంగా మనం చెప్పుకునేవారిలో ఆయన ఒకరు! మన ప్రవక్త ముహమ్మద్ (స) తమ పసిబిడ్డ ఇబ్రాహీం ప్రాణం పోతున్నప్పుడు కన్నీరు కార్చారు. ఆశ్చర్యపడి అడిగినవారికి అది కారుణ్యమని చెప్పారు. ఆందోళన నుంచి, దుఃఖం నుంచి శరణు కోరే దుఆను ఆయన తరచూ చేసేవారని బుఖారీలో ఉంది. విశ్వాసికి ఆందోళన కలగనే కలగదన్నది నిజమైతే దాని నుంచి శరణు కోరవలసిన అవసరం ఏముంటుంది?

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. దైవమిత్రులకు భయం గానీ దుఃఖం గానీ ఉండదని యూనుస్ సూరాలో ఉంది కదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ వాగ్దానాన్ని చాలామంది వ్యాఖ్యాతలు పరలోకానికి అన్వయించారు. దానిని ఈ లోకంలోని ప్రతి క్షణానికీ వర్తింపజేస్తే మూసా (అలై), యాఖూబ్ (అలై) దైవమిత్రులు కారని చెప్పవలసి వస్తుంది. అల్లాహ్ క్షమించుగాక! ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన భారం మోపనని చెప్పిన ప్రభువు, గుండె దడదడలాడినందుకు, అరచేతులు చెమర్చినందుకు దాసుణ్ణి పట్టుకుంటాడా? భయం వచ్చాక మనం ఏం చేశాం అన్నదే మన వంతు. ఆ పెద్దాయన భయపడుతూనే కాగితాల మీద సంతకం పెట్టారు. భయపడుతూనే ఇషా నమాజు చేశారు. అంతకన్నా తవక్కుల్ ఏముంటుందో మాకైతే తెలియదు.

ఇక ఉర్వా (రహ్మ) వృత్తాంతం. అది మహత్తరమైనదే, మేము కాదనడం లేదు. ఆయన హజ్రత్ అస్మా (రజి) కుమారుడు, మదీనా ధర్మవేత్తల్లో అగ్రగణ్యుడు. ఖలీఫా వలీద్ వద్దకు సిరియా వెళ్ళినప్పుడు కాలికి పుండు పడి పైపైకి పాకింది. నొప్పి తెలియకుండా ఏదైనా తాగమని వైద్యులు చెబితే నిరాకరించారు. అదే ప్రయాణంలో గుర్రపుశాలలో పశువు తన్నడంతో కొడుకునూ పోగొట్టుకున్నారు. పోయినదాన్ని కాక మిగిలినదాన్ని లెక్కపెట్టుకుని అల్లాహ్‌ను స్తుతించారు. అయితే మేము ఆ రోజు చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది. రక్తం ఆగడానికి మరుగుతున్న నూనెలో కాలు ముంచినప్పుడు ఆయన స్పృహ తప్పిపోయారని కొన్ని కథనాల్లో ఉంది. ఆయనా రక్తమాంసాలున్న మనిషే. అంతకన్నా ముఖ్యం, ఆ దారి ఆయన తనకోసం తాను ఎంచుకున్నది. పక్కవాడి మంచం దగ్గర నిలబడి నువ్వూ ఇలాగే ఉండమని ఆయన ఎవరినీ శాసించలేదు. ఒకరి ఘనతను మరొకరికి కొలబద్దగా మార్చింది మేము.

రోగికి తెలిసీ తెలియక ధర్మం చెప్పడం ఎంత ప్రమాదమో తెలిపే హదీసు ఒకటి అబూదావూద్‌లో ఉంది. ఒక ప్రయాణంలో ఒకతనికి తలకు రాయి తగిలి గాయమైంది. తరువాత అతనికి గుసుల్ అవసరం ఏర్పడింది. తయమ్ముమ్ సరిపోతుందా అని తోటివారిని అడిగాడు. నీళ్ళు ఉండగా కుదరదన్నారు వాళ్ళు. అతను స్నానం చేసి మరణించాడు. ఆ సంగతి తెలిసి దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. వాళ్ళే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు అడగవలసింది కదా అని నిలదీశారు. ఈ హదీసు మేము ఎన్నోసార్లు చదివాం. ఆ సాయంత్రం మాత్రం గుర్తు రాలేదు.

భయం శరీరంలోనూ ఉంటుంది

భయాన్ని కేవలం మనసు బలహీనతగా చూడటం వైద్యశాస్త్రం రీత్యా కూడా పొరపాటే. దీనికి మన తెలుగు నేల మీదే ఒక చరిత్ర ఉంది. క్లోరోఫాం మత్తు ఇచ్చినప్పుడు కొందరు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారన్నది 19వ శతాబ్దపు వైద్యులను వేధించిన సమస్య. 1848లో ఇంగ్లాండులో కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన పదిహేనేళ్ళ అమ్మాయి హానా గ్రీనర్ క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాల్లోనే మరణించింది. మత్తు ఇవ్వకముందు ఆ పిల్ల భయంతో ఏడుస్తోంది. ఇలాంటి మరణాల గుట్టు తేల్చడానికి హైదరాబాదులో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఖర్చు భరించినవారు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. వందలాది జంతువులపై పరీక్షలు జరిపి, ముందు ఆగేది శ్వాసే గనుక శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలని తేల్చారు. ఆ తీర్పు పూర్తిగా నిలబడలేదు. తేలిక మత్తులో ఉండగా ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోగలదని లెవీ అనే వైద్యుడు 1911లో చూపించాడు. భయపడినప్పుడు మన ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే.

ఇది చదివి ఎవరూ కంగారు పడవద్దు. ఆపరేషన్ థియేటర్లలో క్లోరోఫాం వాడకం ఎప్పుడో పోయింది. ఇప్పుడు గుండెను, శ్వాసను, రక్తంలో ప్రాణవాయువును క్షణక్షణం చూపించే యంత్రాలున్నాయి. భయపడితే ప్రాణం పోతుందని మేము చెప్పడం లేదు. భయం రక్తంలో ప్రవహించే విషయమనీ, ఆజ్ఞాపిస్తే ఆగిపోయేది కాదనీ చెబుతున్నాం. విపరీతంగా ఆందోళన పడే రోగికి ఆపరేషన్ తరువాత నొప్పి కూడా ఎక్కువగా తెలుస్తుందని వైద్యులు అంటారు. అందుకే ముందురోజు మత్తు డాక్టరు వచ్చి మాట్లాడినప్పుడు "ఏం భయం లేదండి" అని వీరత్వం ప్రదర్శించడం కన్నా, ఉన్న భయాన్ని ఉన్నట్టు చెప్పడమే మంచిది. మధ్యలో మెలకువ వస్తుందా, మళ్ళీ లేస్తానా, గొంతులో గొట్టం పెడతారా అని నిస్సంకోచంగా అడగవచ్చు. వాటికి జవాబు చెప్పడం ఆయన పనిలో భాగం.

మనవాళ్ళలో మనసుకు వచ్చే జబ్బు గురించి మాట్లాడటమే పాశ్చాత్యుల వ్యవహారం అనుకునేవారున్నారు. అబూ జైద్ అల్ బల్ఖీ క్రీ.శ. 934లో మరణించారు. శరీరాల, ఆత్మల బాగోగుల గురించి ఆయన రాసిన గ్రంథంలో ఒక భాగం మనసుకే కేటాయించారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా పట్టుకునే దుఃఖం వేరు అని విభజించి, రెండోదానికి శరీరంలోనే మూలం ఉండవచ్చన్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే మందులు ఇంట్లో ఉంచుకున్నట్టు, కష్టం రాకముందే మనసుకు ధైర్యమిచ్చే ఆలోచనలు సిద్ధం చేసి పెట్టుకోమన్నారు. వెయ్యేళ్ళ క్రితం నాటి మాటలివి.

మన రోగుల భయాల్లో బయటివారికి తట్టనివి కొన్ని ఉంటాయి. ఒంటికి ట్యూబులు ఉండగా నమాజు ఎలా అన్నది మొదటిది. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మూలవ్యాధితో బాధపడుతూ ఇదే అడిగితే, నిలబడి, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు తిరిగి పడుకుని చేయమని ప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ ఒక్క హదీసు ముందే చెబితే ఎంతమందికి ఊరటో! మత్తులో తప్పిపోయిన నమాజులను తరువాత ఎలా చేసుకోవాలో ఇమాం గారిని ముందే అడిగి పెట్టుకోవచ్చు. మన స్త్రీలకు పర్దా గురించిన దిగులు మరీ ఎక్కువ. థియేటర్‌లో ఎవరెవరుంటారు, నర్సమ్మ దగ్గరుంటుందా, అవసరమైన మేరకే వస్త్రం తొలగిస్తారా అని ఇంటివాళ్ళు ముందే అడిగి ఆమెకు చెప్పాలి. వైద్య అవసరం షరీఅత్‌లో గుర్తింపు ఉన్న అవసరమే. ఆ మాట కూడా ఆమెకు ఎవరైనా చెప్పాలి కదా!

డబ్బు భయం సంగతీ చెప్పుకోవాలి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలుత మూడు జిల్లాల్లో మొదలైనప్పుడు అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు మన శ్రీకాకుళం కూడా ఉంది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పొలం అమ్మితే తప్ప ఆపరేషన్ మాట ఎత్తలేని పేదలు కార్డు చేతబట్టుకుని పెద్దాసుపత్రుల గడప ఎక్కారు. చాలా కుటుంబాలకు ఆ భయం తగ్గింది. రెండో భయం గురించి అడిగేవారు మాత్రం ఎక్కడో గానీ కనబడరు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించేవాళ్ళుంటారు, ఎందుకు పెడుతున్నారో కూర్చుని చెప్పే తీరిక ఉన్నవాళ్ళు తక్కువ.

దాచడం దయ అవుతుందా?

భయం పోగొట్టడానికి మన ఇళ్ళలో ఉపదేశం తరువాత వాడే మందు అబద్ధం. మాకు తెలిసిన ఒక తల్లికి రొమ్ములో గడ్డ వచ్చింది. రొమ్ము తీసివేయాలని కొడుకులకు తెలుసు. "చిన్న కుట్టేనమ్మీ, రెండ్రోజుల్లో ఇంటికెళ్ళిపోవచ్చు" అని చెప్పి ఆమెచేత వేలిముద్ర వేయించారు. కొడుకులది దుర్బుద్ధి కాదు. తల్లి తల్లడిల్లుతుందని భయపడ్డారు. ఆమెకు మెలకువ వచ్చాక కట్టు తడుముకుని చూసుకుంది. ఆ తరువాత చాలాకాలం ఆమె కొడుకులు చెప్పే ఏ మాటనూ నమ్మలేదు. పూటకు వేసే మాత్రను కూడా తిప్పి తిప్పి చూసేది. "నాకు ముందే తెలిస్తే మా అక్కను పిలిపించుకునేదాన్ని. నా గాజులు ఎవరికివ్వాలో చెప్పేదాన్ని" అని అందట.

ఆ గాజుల మాట చిన్నది కాదు. ఇవ్వదగినది ఏదైనా ఉన్న ముస్లిం, వీలునామా రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని ప్రవక్త (స) హెచ్చరించారు. అప్పులున్నాయి, అమానతులున్నాయి, క్షమాపణ అడగవలసినవాళ్ళున్నారు. శరీరం కూడా అల్లాహ్ ఆ మనిషికి అప్పగించిన అమానతే, కొడుకులకు అప్పగించినది కాదు. నిజం దాచడం వల్ల ఇవన్నీ చేసుకునే అవకాశాన్ని ఆమె నుంచి లాక్కున్నట్టయింది. అలాగని ఉన్నదంతా ఒక్కసారిగా మొహాన కొట్టినట్టు చెప్పమని కాదు. రోగి ఎంత అడిగితే అంత, ఎలా తట్టుకోగలిగితే అలా చెప్పాలి. వివరాలు నాకొద్దు, మీరే చూసుకోండి అనే రోగులూ ఉంటారు. అదీ వాళ్ళ హక్కే. అబద్ధానికి మాత్రం అందులో చోటు లేదు.

ఆపరేషన్ అయ్యాక...

పెద్దాయన ఆపరేషన్ విజయవంతమైంది. ఊళ్ళో అందరం షుక్ర్ చేసుకున్నాం. అసలు పరీక్ష ఆ తరువాత మొదలైందని మాకు ఆలస్యంగా తెలిసింది.

రెండో రాత్రి ఆయన గోడ మీద ఎవరో నడుస్తున్నారన్నారు. భార్యను గుర్తుపట్టలేదు. సూది తీసేయబోయారు. ఇంటివాళ్ళు గాలి సోకిందనుకుని తాయెత్తు కోసం ఊరికి ఫోను చేశారు. వయసు మళ్ళినవారికి పెద్ద ఆపరేషన్ల తరువాత ఇలాంటి అయోమయం కలగడం వైద్యులకు బాగా తెలిసిన విషయమే. జ్వరం, ఒంట్లో లవణాల తేడా, మందుల ప్రభావం, నిద్ర లేకపోవడం, ఇలా కారణాలు అనేకం. చాలామందిలో కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. ముందు నర్సుకు చెప్పాలి, ఆలస్యం చేయకూడదు. కళ్ళజోడు పెట్టాలి, ఇది పగలో రాత్రో చెబుతుండాలి, తెలిసిన ముఖం ఒకటి ఎదురుగా ఉండాలి. పక్కన కూర్చుని ఖుర్‌ఆన్ పారాయణం చేస్తే ఎంతో మంచిది, నర్సును పిలిచిన తరువాత.

అయోమయం మూడురోజుల్లో పోయింది. ఇంటికి వచ్చాక దిగులు పట్టుకుంది. అన్నం సహించదు, నిద్ర పట్టదు, మనవడు ఒళ్ళోకి వచ్చినా పలకరించరు. అందరికన్నా ముందు మస్జిదుకు వచ్చే మనిషి నమాజు వేళకు గోడవైపు తిరిగి పడుకునేవారు. జనం మళ్ళీ పాత మాటే ఎత్తుకున్నారు. అల్లాహ్ ప్రాణదానం చేస్తే కృతజ్ఞత లేదన్నారు. గుండె ఆపరేషన్ తరువాత ఇలా కుంగిపోయేవారు అరుదు కాదు. జీవితాంతం మోయవలసిన జబ్బులున్నవారికీ ఇదే ముప్పు. మన ఉద్దానంలో మూత్రపిండాలు దెబ్బతిని, డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించుకున్నవారిని చూడండి. 2023 డిసెంబరులో పలాసలో వారికోసం ప్రత్యేకంగా ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. చేతి మీద కోత చిన్నది. వారానికి రెండు మూడుసార్లు యంత్రం పక్కన పడుకోవలసిన బతుకు చిన్నది కాదు. వాళ్ళ దిగులును ఎవరు కొలుస్తున్నారు?

రెండు వారాలు దాటినా దిగులు వీడకపోతే, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినబడినా, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చక్కెర జబ్బుకు మాత్ర వేసుకుంటే ఈమాన్ తగ్గదు. దిగులుకు వేసుకున్నా తగ్గదు. అల్లాహ్ మందు లేకుండా ఏ వ్యాధినీ దించలేదని చెప్పిన ప్రవక్త (స) మనసు జబ్బులను అందులోంచి మినహాయించలేదు.

పెద్దాయన భార్య చదువుకున్నది కాదు. కానీ మా అందరికన్నా ముందు ఆమే గ్రహించింది. తనిఖీకి వెళ్ళినరోజు ఆయన్ని మాట్లాడనివ్వకుండా, "బాబూ, గుండె బాగు చేశారు గానీ మనిషి నాకింకా తిరిగి రాలేదు" అని డాక్టరుతో అంది. ఆయన అక్కడే మరో డాక్టరు దగ్గరికి పంపారు. మాత్రలు రాశారు, సాయంత్రాలు నడవమన్నారు. కొన్ని వారాలు పట్టింది. ఒక శుక్రవారం ఆయన వచ్చి వెనుక వరుసలో కుర్చీలో కూర్చుని నమాజు చేశారు. బయటికి వచ్చాక మేము ఆ సాయంత్రం సంగతి ఎత్తి క్షమించమని అడిగాం. "పోనీలెండి" అన్నారు గానీ, గుర్తులేదని మాత్రం అనలేదు.

మరుసటి ఏడాది పక్క ఊరి కుర్రాడికి గుండె కవాటం మార్చాల్సి వచ్చింది. ఈసారి పరామర్శకు ఆయనా మాతో వచ్చారు. మేము నోరు మెదపలేదు. ఆయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "భయంగుందా?" అని అడిగారు. కుర్రాడు తల ఊపాడు. "నాకూ అలాగే ఉండేది" అన్నారు. చాలాసేపు ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. తరువాత ఆయన తలకింది దిండు తీసి కుర్రాడి ఎదకు ఆనించి చూపించారు. "దగ్గు వచ్చినప్పుడు దీన్ని ఇలా గట్టిగా అదుముకో బాబూ. నొప్పి సగం తగ్గుతాది. ఇది నాకెవరూ ముందు చెప్పనేదు."